మోటారు ఆపిన మర్యాద

ముప్పై ఏళ్ళకి పైగా కంప్యూటర్లు బాగుచేసి, ఈమధ్యనే రాజమండ్రిలో దుకాణం తాళాలు మా భాగస్వామి చేతిలో పెట్టి ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నాక తెలిసిన మొదటి సంగతి ఏమిటంటే, మా ఇంట్లో మిక్సీ ఆగిపోతే మా ఆవిడ నాతో చెప్పదు. సంచిలో పెట్టుకుని, చప్పుడు చేయకుండా వెనక వీధి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తుంది. ఒకరోజు గుమ్మం దగ్గర పట్టేసుకున్నాను. ఇంత పెద్ద నిపుణుణ్ణి ఇంట్లో పెట్టుకుని ఇదేం పని అని అడిగాను.

"మీకిస్తే బాగవుతుందండి. కాదనను. కానీ నాకు పచ్చడి ఇవాళే కావాలి" అంది.

ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. నేను ఎంత నిదానంగా బాగుచేస్తానో తెలియాలంటే కడియం నర్సరీ కథ చెప్పాలి. రిపేరు పనిలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇది మీకోసం. నీతి కావాలంటే మధ్యలో ఎక్కడో ఉంటుంది, ఏరుకోండి.

నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. బడిలో మైకు సెట్టు విప్పి చూశాను. విప్పడం వచ్చింది, బిగించడం రాలేదు. దానివల్ల జెండా పండగ రోజున హెడ్మాస్టరు గారి ఉపన్యాసం మొదటి వరసకి మాత్రమే వినిపించింది. వెనక కూర్చున్న పిల్లలందరూ నన్ను దేవుడిలా చూశారు. హెడ్మాస్టరు గారు మాత్రం వేరేగా చూశారు. అక్కణ్ణుంచి రేడియోల కొట్టు, తర్వాత టీవీలు, ఆ తర్వాత కంప్యూటర్లు. మా భాగస్వామి బీఎస్సీ చదివినవాడు. సాఫ్ట్‌వేరు ఆయనది, స్క్రూడ్రైవరు నాది. షాపులో ఇద్దరికీ ఒకటే కుర్చీ ఉండేది, అది ఎప్పుడూ ఆయనదే.

కడియంలో ఒక నర్సరీ రైతుగారు ఉండేవారు. తాతల నాటి నర్సరీ. రోడ్డు మీద గేటు, గేటులోంచి ఆఫీసు గదిదాకా మట్టి దారి, ఆ దారి పక్కనే పచ్చ వల కప్పిన తుంపర షెడ్డు. లేత మొక్కల మీద మంచులా నీళ్ళు చల్లడానికి అందులో ఒక మోటారు. మనిషి మాటకి తేనె పూసినట్టు ఉంటారు. కంప్యూటర్ బాగుచేస్తాను కాబట్టి నన్ను 'డాక్టరుగారూ' అనేవారు. ఆ పిలుపు వినడానికే నేను ఒకటి రెండు సార్లు అవసరం లేకుండా కూడా వెళ్ళానని మా భాగస్వామి అంటాడు. నమ్మకండి.

ఆయన ఆఫీసులోకి కొత్తగా ఒక అమ్మాయి చేరింది. బీకాం చదువుకుంది. పక్క ఊరి నుంచి స్కూటీ మీద వస్తుంది. ఇంట్లో వాళ్ళ అమ్మ బట్టలు కుడుతుంది, తమ్ముడు చదువుకుంటున్నాడు, ఇల్లు నడిచేది ఎక్కువగా ఈ అమ్మాయి జీతం మీదే. అంతకుముందు ఆర్డర్లన్నీ రైతుగారి చొక్కా జేబులో చీటీలుగా ఉండేవి. చొక్కా ఉతికిన రోజున ఆర్డర్లు గోదాట్లో కలిసిపోయేవి. ఈ అమ్మాయి వచ్చి, మొక్కల ఫోటోలు ఫోన్లో పంపి, పై రాష్ట్రాల నుంచి ఆర్డర్లు తెప్పించి, కంప్యూటర్లో బిల్లులు కొట్టడం మొదలుపెట్టింది. రైతుగారు మురిసిపోయారు.

"ఆడపిల్ల, అంత ఎండలో బండి పెట్టుకుంటే సీటు కాలిపోదేంటండీ" అని, ఆఫీసు గోడ వెనకాల ఉన్న క్రోటన్ మొక్కల సంచులన్నీ తీయించేశారు. అక్కడ రాతిపొడి పరిపించి, పైన రేకులు వేయించి, స్కూటీకి ఒక షెడ్డు కట్టించారు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు కంప్యూటర్ కంటే ముందు నాకు చూపించింది ఆ షెడ్డే. నేనూ మెచ్చుకున్నాను. ఆ మెచ్చుకోలు గుర్తుపెట్టుకోండి.

మొదటిసారి వెళ్ళింది కంప్యూటర్ ఆగిపోయిందంటే. మూత తీయకముందే వాసన వచ్చింది. గోడలోంచి వచ్చే కరెంటుని కంప్యూటర్ తినగలిగేలా వండిపెట్టే డబ్బా ఒకటి లోపల ఉంటుంది. దాన్నే పవర్ సప్లై అంటాం. దాని పచ్చ తీగని నల్ల తీగకి ఒక చిన్న పిన్నుతో కలిపితే దాని ఫ్యాను తిరగాలి. తిరగలేదు. విప్పి చూస్తే లోపల ఫ్యూజు మాడిపోయి ఉంది. ఇలాంటివి వందలు చూశాను. కొత్తది పెట్టాను, ఆన్ చేశాను, వెలిగింది, కొబ్బరి నీళ్ళు తాగాను, వచ్చేశాను.

ఆ ఇంటి మర్యాద గురించి ఒక మాట చెప్పాలి. నేను రాజమండ్రిలో బయల్దేరేటప్పుడు ఫోన్ చేసేవాణ్ణి. నేను చేరేసరికి దారి ఊడ్చి ఉండేది, కుర్చీ తుడిచి ఉండేది, బొండాం కొట్టి ఉండేది. దారిలో నా బట్టలు తడవకుండా తుంపర మోటారు ఆపించేవారు. కూలీలు పక్కకి తప్పుకుని దారి ఇచ్చేవారు. మా పెళ్ళికి కూడా మా అత్తారు నన్నలా తీసుకెళ్ళలేదు.

కొద్ది వారాలకి మళ్ళీ ఫోన్. మళ్ళీ అదే వాసన, అదే మాడిన ఫ్యూజు. ఈసారి నాకు డబ్బా మీద అనుమానం వచ్చింది, ఇంకా మంచి రకం తెచ్చి పెట్టాను. గోడ సాకెట్టులో మీటరు పెట్టి చూశాను. రెండువందల ముప్పై. పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉంది. అయినా ఎందుకైనా మంచిదని ఒక స్టెబిలైజరు కూడా తగిలించాను.

మూడోసారి స్టెబిలైజరూ, దాని వెనకాల డబ్బా, రెండూ కలిసి పోయాయి. నేను స్టెబిలైజరు చేసిన కంపెనీని తిట్టాను. ఆఫీసులో బల్బులు కూడా తరచూ పోతున్నాయని ఆ అమ్మాయి చెప్పింది. "బల్బులు నా డిపార్టుమెంటు కాదమ్మా" అన్నాను. అలా అనకూడదని మీరు నేర్చుకోండి.

ఆరోజు రైతుగారు నన్ను పక్కకి పిలిచారు.

"డాక్టరుగారూ, మీరేం అనుకోనంటే ఒక మాటండి. మా పనిలో హస్తవాసి అని ఒకటుంటుంది. అదే మామిడి, అదే కత్తి, అదే తాడు. ఒకడు అంటు కడితే అతుక్కుంటుంది, ఇంకొకడు కడితే ఎండిపోతుంది. మా నాన్నగారైతే పనిలోకి కొత్తగా ఎవరొచ్చినా ముందు బంతి విత్తనం చల్లించి చూసేవారు."

"అయితే ఏంటండీ?"

"అమ్మాయి బంగారమేనండి. చెయ్యి మంచిది కాదేమోనని."

"ఆ అమ్మాయి కంప్యూటర్‌కి అంటు కట్టట్లేదు కదండీ."

"తను రాకముందు పాత కంప్యూటర్ ఉండేది గదండీ, మా పిల్లలు ఆటలాడుకునేది. అన్నేళ్ళలో ఒక్కసారన్నా మిమ్మల్ని పిలిచానా? తనొచ్చాక మూడోసారి. లెక్క మీరే చెప్పండి."

మనకి లెక్కల్లో ఎప్పుడూ మంచి మార్కులు రాలేదు. అదీకాక ఆయన అడిగిన ప్రశ్న సరైనదే. ఆ అమ్మాయి రాకముందు లేని జబ్బు, వచ్చాక ఎలా వచ్చింది?

రైతుగారు అక్కడితో ఆగలేదు. తుంపర మోటారు చూసుకునే ఒకావిడ ఉండేది. ఆవిడ నాటిన కొమ్మ బతకకపోవడం అంటూ ఉండదని ఆ నర్సరీలో పేరు. మర్నాటి నుంచి రోజూ పొద్దున్న కంప్యూటర్ బటన్ నొక్కే పని ఆవిడకి అప్పజెప్పారు. ఆవిడ చేతులు కడుక్కుని, చెంగుతో తుడుచుకుని, కళ్ళు మూసుకుని నొక్కేదట. ఆ తర్వాత అమ్మాయి కూర్చుని పనిచేసుకునేది. నేనొకసారి అటుగా వెళ్తూ, ఫోన్ చేసి ఆగినప్పుడు ఈ కార్యక్రమం చూసి నవ్వాను. అమ్మాయి నవ్వలేదు. నన్ను సాగనంపడానికి గేటుదాకా వచ్చింది.

"సార్, ఈ ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుంటానండి. కానీ చెయ్యి మంచిది కాదన్న పేరుతో పోతే ఈ చుట్టుపక్కల ఏ నర్సరీలో పెట్టుకుంటారండి? ఇక్కడందరికీ ముందు కావాల్సింది చెయ్యే గదా."

అన్నంతసేపూ చేతులు వెనక్కి పెట్టుకునే ఉంది. అప్పటిదాకా నాకిది ఒక డబ్బా గొడవ. ఆ చేతులు చూశాక డబ్బా గొడవగా అనిపించలేదు.

షాపుకొచ్చి మా భాగస్వామికి చెప్పాను. ఆయన కుర్చీలోంచి కదలకుండా విన్నాడు.

"ఒకే ఇంటికి ముగ్గురు అల్లుళ్ళొచ్చి ముగ్గురూ పారిపోయారనుకో. నువ్వు నాలుగో అల్లుణ్ణి వెతుకుతావా, అత్తగారిని చూస్తావా?"

"అత్తగారిని మీటరు పెట్టి చూశానోయ్. చక్కగా ఉంది."

"నువ్వెళ్ళినప్పుడు ఏ అత్తగారైనా చక్కగానే ఉంటుంది" అన్నాడు, చదువుకున్న బుర్ర కదా. అప్పుడా మాట ఎక్కడ తగలాలో అక్కడ తగల్లేదు. ఊరికే అక్కసుతో అన్నాడనుకున్నాను.

ఇక ఆ రోజు. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. ఉదయమే రైతుగారి ఫోన్ వచ్చింది. గొంతులో తేనె కాస్త తగ్గింది.

"నాలుగోదీ పోయిందండి. పై రాష్ట్రం లారీకి మొక్కలెక్కించేశాం, బిల్లు లేకుండా కదలనంటున్నాడు డ్రైవరు. మీరొచ్చి ఇంకో డబ్బా పెట్టేసి వెళ్ళండి. ఇదే ఆఖరు. రేపట్నుంచి మా బావమరిది కొడుకు కూర్చుంటాడు. అమ్మాయికి చెప్పేశాను."

"బటన్ మోటారావిడ నొక్కింది కదండీ?"

"బటనే గదండీ ఆవిడ నొక్కింది. మిగతాదంతా ఈ అమ్మాయేగా నొక్కింది."

అప్పుడు నేను వేరే ఊళ్ళో ఒక పని మీద ఉన్నాను. అది ముగించుకుని అటునుంచి అటే కడియం బయల్దేరాను. బయల్దేరుతున్నానని చెబుదామని ఫోన్ తీస్తే చార్జి లేదు. జిల్లాలో అందరి పవర్ సప్లైలూ చూసే మనిషిని, నా జేబులో ఉన్నది చచ్చి కూర్చుంది. ఆ చచ్చిన ఫోన్ వల్లే ఈ కథకి మంచి ముగింపు వచ్చింది కాబట్టి దాన్నేమీ అనను.

గేటు దగ్గర స్కూటరు ఆపి మట్టి దారిలో నడిచాను. పచ్చ వల పక్కకి రాగానే ఎడమ వైపునుంచి నీళ్ళ తుంపర కొట్టింది. కళ్ళజోడు, చొక్కా, కొత్త డబ్బా ఉన్న సంచీ, అన్నీ తడిశాయి. ఇన్నిసార్లు వచ్చాను కదా, ఈ దారిలో ఎప్పుడూ చుక్క పడలేదేంటా అనుకుంటూ పరిగెత్తి ఆఫీసు గుమ్మం ఎక్కాను.

లోపల సీలింగు ఫ్యాను విమానంలా తిరుగుతోంది. బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా ప్రతి కట్ట మీదా ఒక రాయి. అమ్మాయి తన సంచీ సర్దుకుని, ఒక మూల నిలబడి ఉంది. రైతుగారు లారీ డ్రైవరుకి ఏదో సర్దిచెబుతున్నారు.

వెనకనుంచి మోటారావిడ గొంతు వినిపించింది. "అయ్యో, డాక్టరుగారండి. ఫోన్ చేయకుండా వచ్చేశారేంటండీ, తడిసిపోయారు. ఉండండి, ఆపేస్తాను."

మోటారు ఆగిన చప్పుడు వినిపించింది. అదే క్షణంలో తల మీద ఫ్యాను మూలిగి నెమ్మదించింది. విమానం కాస్తా మామూలు ఫ్యానైపోయింది.

నేను అటు చూశాను, ఇటు చూశాను. ఒళ్ళంతా నీళ్ళు కారుతున్నాయి. నాకిప్పటికీ ఆ క్షణం చల్లగానే గుర్తుంది.

"అమ్మా, ఈ ఫ్యాను ఎప్పుడూ ఇంతేనా?"

"ఆయ్, మోటారు వేస్తే గాలి జోరుగా వస్తుందండి. తుంపర పడుతుంది గదా, చల్లగాలికి అలా తిరుగుతుందనుకున్నాం. మాకు బాగానే ఉంటుందండి" అంది అమ్మాయి.

మోటారావిడ గుమ్మంలోకి వచ్చింది. నేను తిరిగి ఆవిణ్ణే అడిగాను. "అమ్మా, నేను వచ్చినప్పుడల్లా మోటారు ఆపేది నువ్వేనా?"

"మరేనండి. మీ ఫోన్ రాగానే అయ్యగారు ఆపమంటారు. మీరు వెళ్ళాక మళ్ళీ వేస్తాను."

"ఇప్పుడు వెయ్యి."

"తడిసిపోతారండి."

"ఇంకా తడవడానికి మిగిలిందేం లేదు. వెయ్యి."

సాకెట్టులో మీటరు పెట్టి నిలబడ్డాను. అవతల మోటారు ఊపందుకుంది. ఇవతల మీటరు అంకెలు మెట్లెక్కినట్టు ఎక్కి మూడువందలు దాటాయి. తల మీద ఫ్యాను మళ్ళీ గాల్లోకి లేచింది. ఆపమన్నాను. రెండువందల ముప్పై. వేయమన్నాను. మూడువందల చిల్లర. ఇంతకుముందు మూడుసార్లు వచ్చాను, సాకెట్టు కొలిచిందల్లా మోటారు ఆపాకే. రోగి నాడి పట్టుకున్నప్పుడల్లా ఇంట్లోవాళ్ళు రోగాన్ని పక్కగదిలోకి పంపేశారు, నా బట్టలు తడవకూడదని.

రైతుగారు కంగారుగా లోపలికొచ్చారు. "ఏంటండీ, మోటారుతో ఆటలేంటి? లారీ ఆగిపోయిందక్కడ."

"లారీ ఎక్కడికీ పోదు. ముందు మీ దగ్గర కావడి ఉందా?"

ఆయన నాకు ఎండ తగిలిందనుకున్నారు. అయినా మర్యాద మర్యాదే, కావడి తెప్పించారు. పాతకాలంలో మొక్కలకి నీళ్ళు మోసిన కావడి, రెండు వైపులా రెండు డబ్బాలు. ఒక డబ్బా నిండా నీళ్ళు పోయించాను, రెండోదాంట్లో అడుగున నాలుగు గ్లాసులు. నేనే భుజానికెత్తుకుని, బద్దని రెండు చేతులా గట్టిగా అదిమి పట్టాను. రెండూ సమంగా ఉన్నాయి.

"ఈ నిండు డబ్బా మీ మోటారు. ఈ తేలిక డబ్బా మీ కంప్యూటర్. రెండింటికీ కరెంటు వేర్వేరు ఫేజుల్లోంచి, అంటే వేర్వేరు తీగల్లోంచి వస్తుంది, కానీ తిరిగి వెళ్ళే దారి ఒకటే. దాన్నే న్యూట్రల్ అంటాం. అదిగో, ఆ న్యూట్రలే ఈ భుజం, ఈ చేతులూ. ఇవి గట్టిగా పట్టినంతసేపూ ఎవరి పాలు వాళ్ళకి అందుతుంది. ఇప్పుడు చూడండి."

చేతులు వదిలేశాను. నిండు డబ్బా ధబీమని నేలకి దిగింది, తేలిక డబ్బా పైకి ఎగిరి, అందులో నీళ్ళు సరిగ్గా లారీ డ్రైవరు మీద పడ్డాయి. ఆయన తప్ప అందరూ నవ్వారు.

"అదండీ మీ కంప్యూటర్‌కి జరుగుతున్నది. మోటారు వేసినప్పుడల్లా గాల్లోకి ఎగురుతోంది. కొన్నాళ్ళు తట్టుకుంటుంది, ఆ తర్వాత మాడిపోతుంది. బల్బులూ అందుకే పోతున్నాయి."

"మరి భుజం ఏమైందండీ?" అని అడిగింది అమ్మాయి. అది అసలైన ప్రశ్న.

మీటరు బోర్డు విప్పి చూశాను. ఆఫీసుదీ, మోటారుదీ న్యూట్రల్ తీగలు రెండూ కలిసి, వెళ్ళాల్సిన చోటికి కాకుండా కిటికీ సందులోంచి బయటికి పోతున్నాయి. వాటి వెంట వెళ్ళాను. గోడ వెనక్కి తిరిగి, రేకుల షెడ్డు కిందికి దూరి, రాతిపొడిలోకి దిగిపోయాయి. పొడి తవ్వితే ఇనప గొట్టం. ఎప్పుడో వైరింగ్ చేసిన మనిషి, స్తంభం నుంచి వచ్చే న్యూట్రల్ బలహీనంగా ఉందని, దాన్ని వదిలేసి, షాకు కొట్టకుండా నేలలో పాతే ఆ ఎర్త్ గొట్టానికి కలిపేశాడు. భూమాత మోస్తుందిలే అనుకున్నాడు. చేయకూడని పని, ప్రాణాలు తీసే పని. మీరెక్కడ చూసినా ముందు దాన్ని తీయించండి. కానీ ఏళ్ళ తరబడి అది పనిచేసింది. ఎందుకో తెలియలేదు.

"ఇక్కడ ముందు ఏముండేవన్నారు?" అని అడిగాను.

"క్రోటన్లండి. రెండు పూటలా నీళ్ళు పెట్టేవాళ్ళం" అంది మోటారావిడ.

అంతే, బొమ్మ మొత్తం కనిపించింది. క్రోటన్లకి పోసిన నీళ్ళు కిందున్న గొట్టానికీ అందేవి. నేల తడిగా ఉన్నంతకాలం ఆ దొంగ న్యూట్రల్ భుజంలా పట్టుకుని నిలబడింది. మొక్కలు తీసేసి, రాతిపొడి పోసి, వాన చుక్క కూడా పడకుండా పైన రేకులు కప్పాక నేల నెమ్మదిగా ఎండిపోయింది. ఎండినకొద్దీ పట్టు వదిలేసింది.

రైతుగారు రేకుల వంక చూశారు, కింద గొట్టం వంక చూశారు. "అంటే, నేను వేయించిన షెడ్డేనంటారా?"

"షెడ్డునేమీ అనకండి. అది మీ మర్యాద. మర్యాదతో రోగం తెచ్చారు, మర్యాదతోనే నాకు కనపడకుండా దాచారు. ఇన్నాళ్ళ సర్వీసులో ఇంత గౌరవంగా నన్ను ఎవరూ ఓడించలేదండి."

ఆయన ఇంకా పూర్తిగా నమ్మలేదు. ఆయన కళ్ళు అమ్మాయి చేతుల మీదికి పోతున్నాయి. మాటలు చాలవని అర్థమైంది. మెయిన్ ఆపించి, అందరినీ దూరంగా నిలబెట్టి, రబ్బరు పైపుతో ఆ గొట్టం చుట్టూ నేల మెత్తబడేదాకా నీళ్ళు పెట్టించాను. కంప్యూటర్ పాడైతే నేలకి నీళ్ళు పెడుతున్నాడు, ఈయనకి పిచ్చెక్కిందని లారీ డ్రైవరు గట్టిగానే అన్నాడు. ఇందాకటి నీళ్ళ కోపం అది, నేను పట్టించుకోలేదు.

మెయిన్ వేసి, మీటరు రైతుగారి చేతికే ఇచ్చాను. "మోటారు వెయ్యమ్మా."

మోటారు తిరిగింది. అంకెలు కొంచెం కదిలి, రెండువందల నలభై దాకా వెళ్ళి అక్కడే కూర్చున్నాయి. ఫ్యాను మామూలుగా తిరుగుతోంది. కూలీలు, లారీ ఎక్కించేవాళ్ళు, గుమ్మం నిండా మనుషులు. రైతుగారు మీటరుని చెవి దగ్గర పెట్టుకుని చూశారు, అందులోంచి ఏమైనా వినిపిస్తుందేమోనని కాబోలు.

"నీళ్ళు పోస్తే బతికిందండీ" అన్నారు చివరికి. ఆయనకి తెలిసిన భాషలో అంతకంటే పెద్ద రుజువు లేదు. ఎండిన వేరు, తడిసిన వేరు. నేను అరగంట చెప్పింది ఆయన మూడు మాటల్లో చెప్పేశారు.

ఆ తడి ఊరికే చూపించడానికే. ఆ తర్వాత కరెంటు లైను చూసే ఆయన్ని పిలిపించాం. స్తంభం నుంచి కొత్త న్యూట్రల్ లాగి గట్టిగా బిగించారు. ఎర్త్ గొట్టాన్ని దాని పనికి దాన్ని వదిలేశారు, దాని చుట్టూ నీళ్ళు పోయడానికి చిన్న గుంట ఉంచారు. నేను కొత్త డబ్బా పెట్టాను. సంచీలో తడిసిందేమోనని ముందు దాన్నొక పంచెతో తుడిచారు రైతుగారు. మర్యాద ఎక్కడికి పోతుంది.

అంతా అయ్యాక మోటారావిడ అలవాటు ప్రకారం చేతులు కడుక్కుని వచ్చింది. రైతుగారు ఆవిణ్ణి ఆపారు.

"అమ్మాయ్, నువ్వు నొక్కు."

అమ్మాయి ఒక్క క్షణం ఆయన వైపు చూసింది. చెయ్యి ముందుకి తెచ్చి నొక్కింది. వెలిగింది. అవతల మోటారు నడుస్తోంది, ఇవతల ప్రింటరు బిల్లు కక్కుతోంది. డ్రైవరు కాగితం లాక్కుని, ఎవరికీ చెప్పకుండా లారీ ఎక్కాడు. బావమరిది కొడుకు అప్పటికే కొత్త చొక్కా వేసుకుని వచ్చి ఉన్నాడు. అతనికి ఒక బొండాం ఇచ్చి పంపించారు.

నేను బయల్దేరుతుంటే రైతుగారు తుంపర షెడ్డులో అమ్మాయికి బంతి విత్తనాల పొట్లం ఇస్తున్నారు. "మా నాన్నగారి పద్ధతిలే. ఊరికే, ఓ మడి చల్లు" అంటున్నారు. క్షమించమని అడగడం ఆయనకి రాదు. అదే ఆయన క్షమాపణ. అమ్మాయికి అర్థమైందని ఆ పిల్ల విత్తనాలు చల్లిన తీరులో తెలిసింది, దోసిలి నిండా తీసుకుని, కసిగా.

రాజమండ్రి చేరి షాపులో ఈ విజయాన్ని పూర్తిగా, ఒకటికి రెండుసార్లు వర్ణించాను. మా భాగస్వామి విని, "అత్తగారు చక్కగా ఉండేది అల్లుడు వస్తున్నాడని ముందే తెలిసినప్పుడేనని నేను చెప్పానా లేదా?" అన్నాడు. కానీ ఆరోజు సాయంత్రందాకా నన్ను కుర్చీలో కూర్చోనిచ్చాడు. మా షాపులో అది సన్మానం కింద లెక్క.

అప్పట్నుంచి ఒక అలవాటు చేసుకున్నాను, మీరూ చేసుకోండి. మిషను చూడటానికి వెళ్ళినప్పుడు, "నేను లేనట్టే మీ పనులు మీరు చేసుకోండి" అని ముందే చెబుతాను. గోదావరి జిల్లాల్లో ఈ మాట ఎవరూ వినరు. అందుకని ఫోన్ చేయకుండా వెళ్తాను.

ఈమధ్య ఇంట్లో కూర్చుని తోచక, నాలుగు కుండీలు పెట్టుకుందామని మళ్ళీ కడియం వెళ్ళాను. ఆఫీసు మొత్తం ఇప్పుడా అమ్మాయిదే. రైతుగారు ఏ మొక్కకి ఏ ధర చెప్పాలన్నా ముందు ఆ అమ్మాయి వైపు చూస్తారు. దారి పొడుగునా బంతి పూలు. ఆ చేత్తో విత్తితే మొలవనిది లేదని, ఏ కొత్త మడికైనా మొదటి గింజ తనే వేయాలని మోటారావిడ చెప్పింది. కంప్యూటర్ కూడా అదే, అప్పుడు నేను పెట్టిన డబ్బాతోనే నడుస్తోంది.

కొత్తగా చేరిన ఇద్దరు ముగ్గురు పనివాళ్ళు అక్కడ ఉన్నారు. వాళ్ళకి వినపడేలా కాస్త గొంతు పెంచాను.

"చూశావా అమ్మా, హస్తవాసి అంటే అదీ. నా చెయ్యి పడింది, ఇన్నేళ్ళైనా చెక్కుచెదరలేదు."

అమ్మాయి బిల్లు కొడుతూనే, తలెత్తకుండా అంది.

"అవునండి. అంతకుముందు మీరు పెట్టి కాలిపోయిన మూడు డబ్బాల మీదా పడింది కూడా మీ చెయ్యేగా."